ప్రార్థనలో మాట్లాడేది మనమే అయితే, వినేది ఎప్పుడు?

పాకాల ప్రయాణికుడు

అందరికీ వందనాలు. పాకాల నుండి రోజూ రైలులో తిరుపతికి వచ్చి, ఒక ఆడిటరు గారి ఆఫీసులో పనిచేసి, చీకటి పడ్డాక తిరిగి వెళ్లే మనిషిని నేను. బెంగళూరులో ఒక కంపెనీ ఇప్పటి జీతానికి రెట్టింపు ఇస్తానని పిలిచింది. ఇంటి దగ్గర మూడెకరాల మామిడి తోట ఉంది. నాన్నగారు పోయిన తరువాత దానిని ఒంటిచేత్తో చూసుకొంటున్న అమ్మ ఉంది. వెళ్లాలా, ఉండాలా అని నెలన్నరగా ప్రార్థిస్తున్నాను.

తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ఇరవై నిమిషాలు మోకరిస్తాను. ఆ ఇరవై నిమిషాలూ మాట్లాడేది నేనే. సోమవారం కలెక్టరేటులో అర్జీ ఇచ్చి, బస్సుకు వేళయిందని రసీదైనా తీసుకోకుండా పరుగెత్తే మనిషిలాగా ఆమేన్ అని లేచిపోతాను. దేవుడు మాట్లాడతాడని చిన్నప్పటి నుండి వింటున్నాను గాని, ఆయన నాతో ఏమన్నాడో ఒక్కసారీ చెప్పలేను.

ఇప్పుడు నా చేతిలో రెండు జవాబులు ఉన్నాయి, రెండింటి మీదా నాకు నమ్మకం కుదరడం లేదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్లెంలో నుండి నేను తీసిన వాగ్దాన కార్డులో, అంటే వచ్చే ఏడాదికి దేవుని మాటగా తీసుకొనే బైబిలు వచనపు చీటీలో, యిర్మీయా 29:11 వచ్చింది. మేలైన ఉద్దేశాలు, నిరీక్షణ అనే ఆ వచనం చూసి మా వాళ్లందరూ ఉద్యోగం ఖాయమన్నారు. మొన్న శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఒక సహోదరుడు నా తలమీద చేయి ఉంచి, ప్రభువు నన్ను దక్షిణ దిక్కుకు పంపుతున్నాడని చెప్పాడు. బెంగళూరు మా ఊరికి ఇంచుమించు పడమరన ఉన్న సంగతి ఆయనకు తోచలేదనుకొంటాను. వాక్యం చదివేటప్పుడు, ప్రార్థించేటప్పుడు మీరు నిజంగా ఎలా వింటారో, విన్నది మీ మనసు మాట కాదని ఎలా తెలుసుకొంటారో దయచేసి వ్రాయండి.

చిత్తూరు విశ్రాంత ఉపాధ్యాయిని

నాయనా, ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన దానిని కనుక మాట దగ్గరే మొదలుపెడతాను. 'మా పిల్లవాడు మాట వినడు' అని ఒక తల్లి అంటే వాడికి చెవుడు అని ఎవరూ అనుకోరు. మన భాషలో వినడం అంటే చెవిలో పడటంతో అయిపోయే పని కాదు. చెప్పినట్టు చేయడం దాకా అందులోనే ఉంది. చెవిన పడినా చేయకపోతే దానికి 'పెడచెవిన పెట్టడం' అని వేరే మాట పెట్టుకొన్నాం. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలో ఇశ్రాయేలును 'వినుము' అని పిలిచే హెబ్రీ మాట 'షెమా' కూడా ఇటువంటిదే. వినడం, లోబడటం రెండూ దాని అర్థంలోనే ఉన్నాయి. అందుచేత దేవుడు ఇంతవరకు నాతో ఏమీ అనలేదని నీవు వ్రాసిన వాక్యం దగ్గర నేను కొంచెం ఆగాను. ఏమీ వినలేదా, లేక విన్నవి ఈ ఉద్యోగం గురించినవి కాకపోవడం వల్ల లెక్కలోకి తీసుకోలేదా?

సమూయేలు కథను ఆదివారపు బడిలో అందరూ చదివారు గాని, రెండు సంగతులను తొందరలో దాటిపోతారు. మొదటిది, రాత్రి దేవుడు పిలిస్తే ఆ పిల్లవాడు మూడుసార్లు యాజకుడైన ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. అంటే దేవుని స్వరం ఆకాశం బద్దలైనట్టుగా గాక, పక్క గదిలో పడుకొన్న ముసలాయన పిలిచినట్టుగా వినబడింది. దానిని గుర్తుపట్టడం నేర్పినవాడు ఆ ముసలాయనే. అప్పటికి ఆయనకు కళ్లు సరిగా కనబడటం లేదు. రెండవది, సమూయేలు విన్న మొదటి మాట అతనికి ఏ విధంగానూ ఇష్టమైనది కాదు. తనను పెంచిన ఏలీ ఇంటి మీద పడబోయే తీర్పును విని, తెల్లవారేదాకా పడుకొని, చెప్పడానికి భయపడ్డాడు. ఇప్పటి 'ప్రభువు చెప్పాడు' అన్న మాటలలో ఎన్ని మనకు అప్పటికే ఇష్టమైనవో లెక్క తీస్తే నాకు దిగులు వేస్తుంది.

పుత్తూరు లూథరన్

టీచరమ్మ గారికి వందనాలు. వాగ్దాన కార్డు గురించి నేను వ్రాస్తాను, ఎందుకంటే మా ఇంట్లో అద్దానికి అంటించినవి పదకొండు ఉన్నాయి. నవ్వే హక్కు నాకు లేదు.

యిర్మీయా 29వ అధ్యాయం ఒక ఉత్తరం. క్రీస్తుపూర్వం 597లో యూదా రాజైన యెహోయాకీనుతో పాటు బబులోనుకు పట్టుకొనిపోయిన వారికి యెరూషలేము నుండి ప్రవక్త పంపాడు. వారు ఎదురుచూస్తున్న వార్త 'త్వరలో ఇంటికి వస్తారు' అన్నది. 28వ అధ్యాయంలో హనన్యా అనేవాడు రెండేళ్లలో అన్నీ తిరిగి వస్తాయని దేవాలయంలో, యాజకుల ముందర, దేవుని పేరుతోనే ప్రకటించాడు. యిర్మీయా ఉత్తరం దానికి ఎదురుగా నిలిచింది: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి, ఎందుకంటే డెబ్బై ఏళ్లు పడుతుంది. పదవ వచనంలో డెబ్బై ఏళ్లు అని చెప్పిన తరువాతే పదకొండవ వచనంలో మేలైన ఉద్దేశాలు వస్తాయి. ఆ ఉత్తరం చదివించుకొన్న నడివయసు మనిషి ఆ మేలును కళ్లారా చూసి ఉండడు. కార్డు మీద పదకొండవ వచనం ఒక్కటే అచ్చయింది. పదవది అచ్చువేస్తే పళ్లెంలోకి చేయి పెట్టేవారు తగ్గిపోతారు.

ఆ వచనం మీది కాదని నేను అనడం లేదు. అది ముందు ఎవరితో ఏమి చెప్పిందో విన్న తరువాతే అది నాతో ఏమంటున్నదో వినగలనని నా అనుభవం. పక్కింటివారికి వచ్చిన ఉత్తరాన్ని మధ్యలో ఒక వరుస చదివి, అది మనకే వ్రాశారని సంబరపడితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

పాకాల ప్రయాణికుడు

అన్నా, ఆ అధ్యాయం మొత్తం ఈ ఉదయం చంద్రగిరి దాటేలోపు రెండుసార్లు చదివాను. తోటలు నాటండి, ఫలాలు తినండి అన్న దగ్గర నాకు ఒళ్లు జలదరించింది. మాది మామిడి తోట. అంటే ఉండిపొమ్మనే కదా దేవుడు చెబుతున్నది?

పుత్తూరు లూథరన్

తమ్ముడూ, కోపం తెచ్చుకోవద్దు. ఆ తోటలు నాటమన్నది సొంత ఊరిలో కాదు, పరాయి దేశంలో. ఆ లెక్కన చూస్తే బెంగళూరు వెళ్లి కుండీలో మొక్క పెంచుకోమని కూడా చెప్పవచ్చు. మీరు కార్డును పక్కన పెట్టి అధ్యాయాన్నే కార్డుగా చేసుకొన్నారు. నేనూ ఎన్నోసార్లు చేసిన పనే ఇది.

శ్రీకాళహస్తి విశ్వాసి

మా కతోలిక సంఘంలో నేర్పే పద్ధతి ఒకటి చెబుతాను. అది ఎవరి సొత్తూ కాదు. ఆరవ శతాబ్దంలో బెనెడిక్టు తన మఠవాసుల కోసం వ్రాసిన నియమావళి 'ఆలకించు' అనే మాటతోనే మొదలవుతుంది; హృదయపు చెవిని ఒగ్గమని చెబుతుంది. పన్నెండవ శతాబ్దంలో రెండవ గీగో అనే కార్తూసియన్ సన్యాసి వాక్య పఠనాన్ని నాలుగు మెట్ల నిచ్చెనగా వివరించాడు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, దేవుని సన్నిధిలో ఊరక నిలవడం. ఆయన దానిని తిండితో పోల్చాడు. చదవడం అంటే ముద్ద నోట్లో పెట్టుకోవడం, ధ్యానం అంటే నమలడం, ప్రార్థనలో రుచి తెలుస్తుంది, చివరిదే ఆ తీపి.

మన భాషలో ఈ మాట ముందే ఉంది. గుర్తు చేసుకోవడాన్ని నెమరువేసుకోవడం అంటాం. మా తాతగారిది పలమనేరు వైపు; సాయంత్రం పూట కొట్టంలో ఆవు పక్కన కూర్చొని, అది నెమరు వేస్తున్నప్పుడు దాని ముఖంలో ఉండే నింపాదిని చూస్తూ ఆయన కీర్తనలు చదివేవాడు. పొలంలో గబగబా మేసిందంతా ఇప్పుడు బయటికి తెచ్చి మళ్లీ నములుతున్నదని, మనం ఆదివారం మేసిందాన్ని నెమరువేయకుండా వచ్చే ఆదివారానికి పోతున్నామని అనేవాడు.

నేను చేసేది ఇంతే. నాలుగైదు వచనాలు మించకుండా తీసుకొని పెదవులు కదిలేటట్టు చదువుతాను. కీర్తన 1లో దివారాత్రములు ధ్యానించడం అన్నచోట ఉన్న హెబ్రీ మాటకు గొణగడం అనే అర్థం ఉందని, యెషయా అదే మాటను పావురం మూలుగుకూ సింహం గురగురకూ వాడాడని మా ఫాదరు గారు చెప్పారు. రెండవసారి చదివేటప్పుడు ఏదో ఒక మాట కాలికి తగిలిన రాయిలాగా ఆపుతుంది. అక్కడ ఆగిపోతాను. చాలా రోజులు ఏ మాటా ఆపదు. ఆ రోజులను ఓడిపోయిన రోజులుగా లెక్కవేయవద్దని మాత్రం గట్టిగా చెప్పగలను.

పీలేరు సాక్షి

ప్రభువు నామంలో వందనాలు. ఇంతవరకు చదివాను, అందరూ బాగా చదువుకొన్నవారు. కానీ ఈ వేదికలో ప్రవచనాన్ని, అంటే దేవుడు ఒక మనిషి నోట పలికించే మాటను, ఒక రకమైన నవ్వుతో పక్కన పెడుతున్నారని నా మనసు నొచ్చుకొంది. దేవుడు ఉత్తరాలు వ్రాసి మౌనంగా కూర్చున్నవాడు కాడు. అంతియొకయ సంఘం ఉపవాసముండి ఆరాధిస్తుండగా బర్నబాను, తరువాత పౌలు అని పిలువబడిన సౌలును ప్రత్యేకపరచమని పరిశుద్ధాత్మ చెప్పాడని అపొస్తలుల కార్యములు 13లో ఉంది. 16వ అధ్యాయంలో ఆసియలో వాక్యం చెప్పకుండా పౌలు బృందాన్ని ఆత్మ ఆపాడు, రాత్రి మాసిదోనియ మనిషి దర్శనంలో కనబడి పిలిచాడు. మా సంఘంలో దారి తప్పిన వారిని ఒక్క మాటతో తిరిగి నిలబెట్టిన ప్రవచనాలను నేను కళ్లారా చూశాను. ఒక బోరులో ఉప్పునీరు పడిందని ఊరంతా బోర్లు పూడ్చుకొంటుందా?

తిరుపతి రాత్రి డ్యూటీ

అన్నయ్య గారూ, నేను నర్సును. ఆ ఉప్పునీరు తాగిన ఇల్లు మాది కనుక ఒక్క సంగతి చెప్పనివ్వండి. మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్లప్పుడు మూర్ఛ మాత్రలు నడుస్తున్నాయి. బయటి నుండి వచ్చిన ఒక ప్రసంగీకుడు, బిడ్డ స్వస్థపడ్డాడని దేవుడు తనకు చూపించాడనీ, మాత్రలు ఇక వేయడం అవిశ్వాసమనీ చెప్పాడు. అక్క నాకు చెప్పకుండా మానిపించింది. మూర్ఛ మాత్రలను ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్లు వచ్చే ప్రమాదం ఉంటుందని నాకు తెలుసు, అదే జరిగింది. బిడ్డ దక్కాడు. ఆ రాత్రి వార్డులో అక్క నన్ను అడిగిన ప్రశ్న ఇప్పటికీ చెవుల్లో ఉంది: 'దేవుడు చెప్పాడంటే నేను ఎట్లా కాదనేది?'

మనలో చాలామందికి ఆ ప్రశ్నకు జవాబు నేర్పలేదు. కాదనవచ్చు, పరీక్షించవచ్చు, పరీక్షించమని వాక్యమే చెప్పిందని ఆమెకు ఒక్కరూ చెప్పలేదు.

పీలేరు సాక్షి

చెల్లెమ్మా, ఇది చదివి చాలాసేపు ఏమీ వ్రాయలేకపోయాను. మీరు చెప్పింది నిజం. 'ప్రవచించుటను నిర్లక్ష్యము చేయకుడి' అని మేము ఎంతో గట్టిగా చదివే 1 థెస్సలొనీకయులు 5లో ఆ వెంటనే ఉన్నది 'సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి' అన్న మాట. దానిని మేము అంత గట్టిగా చదవడం లేదు. 1 కొరింథీయులు 14:29లో పౌలు ఇద్దరు ముగ్గురు ప్రవక్తలు మాట్లాడితే తక్కినవారు వివేచించాలని వ్రాశాడు. మా ఉపవాస ప్రార్థనలో మాట్లాడేవారు ముగ్గురు ఉంటారు, ఆమేన్ చెప్పేవారు వందమంది ఉంటారు, వివేచించేవారి కుర్చీ మాత్రం ఎన్నడూ వేయలేదు.

నేను పైన చెప్పిన వచనాలనే మళ్లీ తీసి చూశాను. అంతియొకయలో ఆత్మ మాట్లాడింది ఒంటరిగా ఒక్కరితో కాదు. అక్కడ పేర్లతో సహా ఐదుగురు ఉన్నారు, విన్న తరువాత కూడా మళ్లీ ఉపవాసముండి ప్రార్థించాకే పంపారు. దర్శనం చూసింది పౌలు ఒక్కడే, కానీ దేవుడు మమ్మల్ని పిలిచాడని నిశ్చయించుకొన్నది 'మేము' అని వ్రాసి ఉంది. 21వ అధ్యాయం నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది. తూరులోని శిష్యులు ఆత్మ ద్వారానే పౌలును యెరూషలేముకు వెళ్లవద్దన్నారు. అగబు అనే ప్రవక్త పౌలు నడికట్టుతో తన చేతులూ కాళ్లూ కట్టుకొని సంకెళ్ల సంగతి చెప్పాడు. అయినా పౌలు వెళ్లాడు. విన్నది నిజమే, సంకెళ్లు వచ్చాయి. దాని నుండి తీసిన 'కనుక వెళ్లవద్దు' అన్నది మాత్రం ప్రేమతో వారు కలిపింది కావచ్చు. ఆ కలిపే దగ్గరే మేము తప్పుతున్నామేమో.

చిత్తూరు విశ్రాంత ఉపాధ్యాయిని

పీలేరు వారు ఈ మాట వ్రాయడానికి ఎంత నిజాయితీ కావాలో నాకు తెలుసు.

పుత్తూరు లూథరన్

మా వైపు నుండి కూడా ఒకటి ఒప్పుకొంటాను. వాక్యం చాలు, ఆత్మ చెప్పేది అక్కడితో అయిపోయింది అన్నట్టు మేము మాట్లాడుతుంటాం గాని, మా సంఘానికి పేరిచ్చిన లూథరే అలా అనలేదు. 1535లో ఆయన తనకు గడ్డం గీసే పేతురు అనే మంగలి అడిగితే, ప్రార్థించడం ఎలాగో చిన్న పుస్తకంగా వ్రాసి ఇచ్చాడు. పది ఆజ్ఞలలో ప్రతిదానినీ నాలుగు పేటల దండగా అల్లమన్నాడు: ఇది నాకు ఏమి నేర్పుతున్నది, దీనికి నేను దేనికి కృతజ్ఞుణ్ణి, ఇందులో నా తప్పు ఏమిటి, ఇక ఏమి అడగాలి. అలా చేస్తుండగా పరిశుద్ధాత్మ మంచి తలంపులతో మాట్లాడటం మొదలుపెడితే, నీ ప్రార్థనలను విడిచిపెట్టి మౌనంగా విను అని అదే పుస్తకంలో ఉంది. ధ్యాస గురించి ఆయన చెప్పిన పోలిక పేతురుకు తగినదే: మంచి మంగలి కత్తి మీద, వెంట్రుకల మీద చూపు నిలుపుతాడు, కబుర్లలో పడి అటూ ఇటూ చూస్తే అవతలివాడి ముక్కో గొంతో తెగుతుంది.

తిరుపతి రాత్రి డ్యూటీ

నాకు ఇరవై నిమిషాల నిశ్శబ్దం దొరకదు. ప్రవక్త ఏలీయాకు గాలిలో, భూకంపంలో, మెరుపులో కాకుండా మిక్కిలి నిమ్మళమైన స్వరం హోరేబు కొండ మీద వినబడిందంటారు. మా వార్డులో మానిటర్లు రాత్రంతా కూస్తూనే ఉంటాయి. ఒక చీటీ మీద ఒక కీర్తనలోని రెండు వరుసలు వ్రాసి జేబులో పెట్టుకొంటాను. మూడు గంటలప్పుడు సెలైన్ మార్చి వచ్చి ఒకసారి చూసుకొంటాను. పోయిన సంవత్సరం ఎక్కువ రోజులు అది 88వ కీర్తన. తక్కిన మొరల కీర్తనలు చాలావరకు చివరికి స్తుతి వైపు తిరుగుతాయి గాని, ఇది చీకటి అనే మాట దగ్గరే ఆగిపోతుంది. ఏ జవాబూ రాని మనిషి మొరను కూడా దేవుడు తన గ్రంథంలో ఉండనిచ్చాడు. నాకు వినబడింది అదొక్కటే, ఆ సంవత్సరానికి అది చాలింది.

శ్రీకాళహస్తి విశ్వాసి

పాకాల తమ్మునికి ఆచరణలో పనికివచ్చేది ఒకటి. యేసు సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా వ్రాసిన ఆత్మీయ సాధనలకు 1548లో పోపు ఆమోదం లభించింది. వాటిలో నిర్ణయం తీసుకొనే వారికి చెప్పిన సలహాలు రెండు నాకు ఉపయోగపడ్డాయి. మునుపెన్నడూ చూడని మనిషి ఒకడు ఇదే సమస్యతో నీ దగ్గరికి వస్తే, అతని మేలు కోరి ఏమి చెబుతావో అదే నీకు చెప్పుకో. మరణశయ్య మీద నుండి వెనుదిరిగి చూస్తే ఏది చేసి ఉంటే బాగుండేదనుకొంటావో అది చేయి. మరొకచోట, మనసు చీకటిగా, ఎండిపోయి ఉన్నప్పుడు మునుపటి నిర్ణయాన్ని మార్చవద్దని కూడా అన్నాడు. తొందరపెట్టేది ప్రతిదీ దేవుని స్వరం కాదని నా అనుభవం కూడా.

చిత్తూరు విశ్రాంత ఉపాధ్యాయిని

తొందర మాట వచ్చింది కనుక, నాయనా, యిర్మీయా దగ్గరే ఉన్నావు కాబట్టి 42వ అధ్యాయం చదువు. యెరూషలేము కూలిన తరువాత మిగిలినవారు ప్రవక్త దగ్గరికి వచ్చి, మేము ఎటు వెళ్లాలో దేవుణ్ణి అడుగు, మేలైనా కీడైనా విని తీరుతాం అన్నారు. ప్రవక్త వెంటనే చెప్పలేదు. పదిరోజులైన తరువాత, ఐగుప్తుకు వెళ్లవద్దని వాక్కు వచ్చింది. ప్రవక్తకే పదిరోజులు పట్టింది. వారు అడిగేటప్పటికే ఎక్కడ బస చేసి ఉన్నారో 41వ అధ్యాయం చివర చూడు.

పాకాల ప్రయాణికుడు

చూశాను టీచరమ్మా. ఐగుప్తుకు వెళ్లాలని బయలుదేరి, బేత్లెహేము దగ్గర ఆగి అడిగారు. నేను కూడా బెంగళూరులో హాస్టల్ గదుల అద్దెలు చూసుకొన్న తరువాతే మోకరించడం మొదలుపెట్టానని ఆ వచనం దగ్గర గుర్తుకు వచ్చింది. నాకు కావలసింది జవాబు కాదు, ముద్ర.

కంపెనీని పదిరోజుల గడువు అడిగాను, ఇచ్చారు. ఉపవాస ప్రార్థన సహోదరుణ్ణి కలిసి, మీరు చెప్పిన దానిని మా పెద్దలతో కలిసి వివేచిస్తానని చెప్పాను. కొంచెం చిన్నబుచ్చుకొన్నాడు గాని కాదనలేదు. శ్రీకాళహస్తి అన్న చెప్పిన ముక్కూముఖం తెలియని మనిషిని ఊహించుకోబోతే, అతను నన్ను అడిగిన మొదటి ప్రశ్న 'మీ అమ్మగారు ఏమంటున్నారు' అని. నెలన్నరగా దేవుణ్ణి అడుగుతున్న నేను అమ్మను ఒక్కసారీ అడగలేదు.

రాత్రి అడిగాను. తోటను ఈ కాపుకు గుత్తకు ఇచ్చే మాట ఆమె అప్పటికే ఒక వ్యాపారితో మాట్లాడి ఉంది, నేను అడుగుతానని ఎదురుచూస్తూ ఉంది. ఆ తరువాత, రోజూ రైలులో ఏమి చదువుతున్నావో పైకి చదవమంది. ఆమెకు చత్వారం వచ్చి చిన్న అక్షరాలు కనబడవు. 42వ అధ్యాయం చదివాను. పదిరోజుల దగ్గర ఆపి, అది మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. మూడవసారి కూడా చదివించుకొని, 'ఇంతకీ వాళ్లు ఆగారా, పోయారా?' అని అడిగింది.

పోయారమ్మా, పోతూ ప్రవక్తను కూడా పట్టుకొనిపోయారని చెప్పాను.

'వద్దన్న ఆయన్నా?' అంది. అవునన్నాను. కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చొని, రేపు ఆ తరువాతి అధ్యాయం చదవమని చెప్పి లేచి వెళ్లి తలుపు గడియ పెట్టింది.